వార్తల్లో చదివిన పేరు

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో యువకులు ఒక మెసేజ్ పెట్టారు. పాత గోదావరిఖని లోకల్ వార్తలు, అప్పటి పాటల కార్యక్రమాలు ఎవరి దగ్గరైనా క్యాసెట్లలో ఉంటే ఇవ్వండి, కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరికీ చూపిస్తాం అని. దాని కిందే ఇంకెవరో, "ఈ సార్ దగ్గర ఉంటాయి, అడగండి" అంటూ నా ఫోన్ నంబర్ పెట్టేశారు. రిటైరైన మనిషికి నంబర్ దాచుకునే హక్కు కూడా లేదు. అప్పటి నుంచి రోజుకు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తున్నారు.

నా దగ్గర పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. సగం బూజు పట్టాయి. మిగిలినవి ఇస్తానన్నాను. కానీ వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది, "సార్, మీరు చదివిన వాటిల్లో మర్చిపోలేని వార్త ఏది?" అని. వాళ్ళు ఏదో సమ్మె గురించో, వరద గురించో చెబుతాననుకుంటారు. నాకు గుర్తొచ్చేది ఆ క్యాసెట్లలో లేదు. అడిగిన ప్రతివాడికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఫోన్ చేతిలో పట్టుకొని లోకల్ న్యూస్ నడుపుతున్న పిల్లలు చదివితే మంచిది. ఇందులో ఒక్క పేరూ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది.

డిష్ గొడుగులు ఇంటింటికీ రాకముందు కేబుల్ వాళ్ళకు ఒక సొంత చానల్ ఉండేది. మా ఆఫీసు ఒక టెంట్ హౌస్ పైన రెండు గదులు. రోజూ సాయంత్రం ఏడింటికి ఇరవై నిమిషాలు వార్తలు, ఆ తర్వాత అరగంట కోరిన పాటలు. రాసేది, చదివేది నేనే. మొహం చూపించడానికి సరిపడా లైట్లు లేవు కాబట్టి బొమ్మల వెనక నా గొంతు మాత్రమే వచ్చేది. వార్తలంటే ఏముంటాయి, ఫలానా కాలనీలో నాలుగు రోజులుగా నల్లా రాలేదు, ఫలానా గని మీద యూనియన్ వాళ్ళు ధర్నా చేశారు, బస్టాండు దగ్గర బర్రె అడ్డమొచ్చి స్కూటర్ మీద నుంచి భార్యాభర్తలు పడ్డారు. ఆ బర్రె వార్తను జనం వారం రోజులు చెప్పుకున్నారు. కూరగాయల మార్కెట్‌లో నేను బేరమాడుతుంటే పక్కవాళ్ళు గొంతు గుర్తుపట్టి వెనక్కి తిరిగేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు దాచుకోవడం ఎందుకు, చాలా గర్వంగా ఉండేది.

పాటలకు మాత్రం ఇంకా గిరాకీ. చౌరస్తాలో జిరాక్సు షాపు ముందు ఒక రేకు డబ్బా పెట్టాం. కావలసిన పాట, ఎవరి కోసం, అడుగుతున్న వారి పేరు, కాలనీ రాసి కార్డు వేయాలి. కాలేజీ పిల్లలు కొత్త సినిమాల డ్యాన్సు పాటలు అడిగేవాళ్ళు. జ్యోతినగర్ క్వార్టర్లలో ఉండే కోస్తా ఆడవాళ్ళు పేరంటం పిలుపంత పద్ధతిగా ఉత్తరాలు రాసి పాత మెలోడీలు కోరేవాళ్ళు. గని కార్మికులకు జానపద క్యాసెట్లు, నలుపు తెలుపు సినిమాలు. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇంత తిని కూర్చునే వేళకు తమ పేరు టీవీలో వస్తే ఇల్లంతా లేచి నిలబడేదట.

అలా కార్డు వేసేవాళ్ళలో ఒకాయన ఉండేవాడు. ప్రతి ఆదివారం ఒకటే పాట. నలుపు తెలుపు సినిమాలో పడవ మీద పాట, భార్య కోసం అని. నాకు విసుగొచ్చి ఒక నెల రోజులు ఆయన కార్డులు పక్కన పడేశాను. ఒక మధ్యాహ్నం మనిషే మెట్లెక్కి వచ్చాడు. ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, ఎంత కడుక్కున్నా కళ్ళ అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలి ఉంది.

"తమ్మీ, నా కార్డులు అందుతలేవా?" అన్నాడు.

"అందుతున్నయ్ అన్నా. గదే పాట ఎన్నిసార్లు ఎయ్యాలె? జనం తిడుతరు."

"నెలకొక్కసారన్న ఎయ్యి. పాట లేకున్న మానె, పేరు సదువు."

ఆయన జేబులోంచి గని హాజరు కార్డు సగం బయటికి కనబడుతోంది. దాని మీద ఇంకో పేరుంది. పాటల కార్డు మీద ఉన్న పేరుకూ దానికీ పొంతనే లేదు. నేను వార్తలవాణ్ణి కదా, నోరు ఆగలేదు. "ఇదేంది అన్నా, గని కార్డుల ఒక పేరు, పాటల కార్డుల ఒక పేరు?" అన్నాను.

ఆయన తలుపు వైపు చూసి, ఎవరూ లేరని తెలుసుకున్నాక చెప్పాడు. గోదావరి అవతల ఊరు ఆయనది. పెద్దనాన్న కొడుక్కి గనిలో పని దొరికింది. ఆయన వారం రోజులు దిగి, చీకటికి జడిసి, ఊరికి పారిపోయాడు. వచ్చిన ఉద్యోగం పోగొట్టుకోవడం ఎందుకని ఇంట్లో పెద్దలు ఆయన కాగితాలు ఇచ్చి ఈయనను దింపారు. ఆ రోజుల్లో అలా దిగినవాళ్ళు ప్రతి గనిలోనూ ఉండేవాళ్ళు. మారుపేరు మనిషి అంటే ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఈయన అప్పటికి ఇరవై ఏళ్ళుగా అన్న పేరు మీద బతుకుతున్నాడు. క్వార్టర్, జీతం చిట్టీ, దవాఖాన చీటీ, అన్నీ ఆ పేరు మీదే. అన్న ఊళ్ళో అదే పేరుతో వ్యవసాయం చేసుకుంటున్నాడు.

"పొద్దంత గా పేరుతోనే పిలుస్తరు. పలుకుత. అలవాటైంది," అన్నాడు. "మీ టీవీల నా పేరు ఇని మా ఇంటామె నవ్వుతది. ఆమెను పడవల దాటిచ్చి తెచ్చుకున్న తమ్మీ, అప్పటికి మాకు వంతెన లేకుండె. గందుకే గా పాట."

"మరి భయం లేదా? పేరు బయటికొస్తె?"

ఆయన నవ్వాడు. "పాటల కాడ పేర్లు ఎవలు రాసుకుంటరు? వార్తలల్ల వస్తె గదా ఫికర్."

ఆ మాటకు నేనూ నవ్వాను. ఆ తర్వాత నెలకొకసారి ఆయన పేరు చదివి పడవ పాట వేసేవాణ్ణి. దాదాపు మూడేళ్ళు అలా నడిచింది.

ఒక శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ఒక గనిలో పైకప్పు బండ కూలి ఒక కార్మికుడు చనిపోయాడని తెలిసింది. బొగ్గు కంపెనీ నుంచి వచ్చిన కాగితంలో ఉన్న పేరు చూసి చదివాను. ఆ రోజు పాటలు ఆపేశాం. గనిలో మనిషి పోతే పాటలు వేయకూడదని మాకు ఎవరూ చెప్పలేదు, మేమే పెట్టుకున్న నియమం. చదివిన పేరు ఎవరిదో నాకు తట్టలేదు. మూడేళ్ళ కింద ఒక్కసారి, అదీ సగం జేబులోంచి చూసిన పేరు.

మా కెమెరామన్ గురించి చెప్పాలి. పెళ్ళిళ్ళ కాలంలో పెళ్ళిళ్ళు, మిగతా రోజుల్లో వార్తలు తీసేవాడు. నాకంటే చిన్నవాడు, మాట తక్కువ. మా ఓనర్‌కు కూడా అతనంటే కొంచెం జంకు, ఎందుకంటే కెమెరా అతని సొంతం. శనివారం నది దాటి వెళ్ళి అంత్యక్రియలు తీసుకొచ్చాడు. టేపు వేసి చూస్తే పూలదండ వేసిన ఫొటో. కళ్ళ అంచుల్లో బొగ్గు, పడవ పాట ఆయనే. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ టేపులో ఉన్నదంతా నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. నాయకులు మైకు పట్టుకొని కంపెనీ కాగితంలోని పేరుతో అమర్ రహే అంటున్నారు. ఆ పేరుగల అసలు మనిషి, గని వదిలి పారిపోయిన అన్న, తువ్వాల తల మీద కప్పుకొని అదే గుంపులో నిలబడి ఉన్నాడు. బతికున్నవాడు తన పేరుకే అమర్ రహే వింటున్నాడు. వేరే సందర్భమైతే మేము దీన్ని చెప్పుకొని నవ్వేవాళ్ళం. ఇంతలో చనిపోయినాయన తల్లి, ముసలామె, కెమెరా ముందుకు వచ్చింది.

"నా కొడుకు పేరు అది గాదు. సచ్చినంక గూడ నా కొడుకు పేరు చెప్పరా? బిడ్డా, టీవీవోళ్ళు, మీరన్న జెప్పుండ్రి," అంది.

వెనక నుంచి కోడలు వచ్చి ఆమె చేయి పట్టి గుంజింది. ముసలామె విదిలించుకుంది. కోడలు ఈసారి అత్త నోటికి తన అరచేయి అడ్డం పెట్టింది. నేను అది చూశాను. దుఃఖంలో ఏదో చేస్తోందనుకున్నాను. టేపు కోసేటప్పుడు ఆ ముక్క తీసేసి, ముసలామె మాటలు మాత్రం ఉంచాను.

ఆదివారం ఆయన పాట రోజు. డబ్బాలో ఆయన కార్డు కూడా ఉంది, చనిపోయే ముందు వేసింది. ఈ మనిషికి ఈ ఊళ్ళో సొంత పేరు ఉన్నది మా దగ్గర ఒక్కచోటే. ఆ పేరు ఆయనకు ఇవ్వాలి అనుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే మంచివాణ్ణి.

"అన్నా, కార్డు సదివి పాట ఎయ్యి. గంతే చాలు," అన్నాడు కెమెరామన్. "వార్తలల్ల వద్దు."

"నిజం గాదా ఇది?"

"నిజమే. గందుకే వద్దంటున్న. ఆయన జాగల కొడుకుకు నౌకరి రావాలె గదా."

ఆ మాట నాకు వినిపించలేదని చెప్పలేను. వినిపించింది. కానీ ఆ రోజుల్లో నేను కంపెనీ కాగితాలు చదివే బంట్రోతును కానని నిరూపించుకోవాలనే దురద ఒకటి ఉండేది. తల్లి అడిగింది, నేను చెబుతున్నాను, అంతకంటే పెద్ద ధర్మం ఏముంది అనుకున్నాను. రెండు గంటలు కూర్చొని రాశాను. శుక్రవారం చనిపోయిన కార్మికుని అసలు పేరు ఇది, తండ్రి పేరు ఇది, ఊరు ఇది, పొట్టకూటి కోసం ఇరవై ఏళ్ళకు పైగా మరొకరి పేరుతో భూగర్భంలో చెమటోడ్చాడు, కనీసం మరణంలోనైనా ఆయన పేరు ఆయనకు దక్కనీయండి. ఇలా సాగింది. వార్తల చివర చదివి, గ్యాప్ లేకుండా పడవ పాట కలిపాను. బాగా చదివాను. నా జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ చదవలేదు.

ఆ సాయంత్రం ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. ఏడిపించారు సార్ అన్నారు. కింద హోటల్లో నా చాయ్‌కి ఎవరో డబ్బులిచ్చేశారు. మా దగ్గర క్యాసెట్లు తక్కువ కాబట్టి వారం తిరిగేసరికి పాత వార్తల మీదే కొత్త వార్తలు ఎక్కించేవాళ్ళం. ఈ క్యాసెట్ మాత్రం చెరిగిపోకూడదని, అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను వేలిగోరుతో విరిచేశాను. అది విరిస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. నా దస్తూరితో చీటీ రాసి అతికించి పై అరలో పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున ఆమె వచ్చింది. భర్త పోయి ఇంకా నాలుగో రోజు, బయటికి రాకూడని రోజులు. అయినా వచ్చింది. కొంగు నిండా కప్పుకొని తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎందుకు జెప్పినవ్ తమ్మీ?" అంది.

"మీ అత్త అడిగింది గదా వదినా..."

"మా అత్తకు కొడుకు పేరు గావాలె. ఆమెకు గంతే తెలుసు. మరి నా కొడుకుకు బువ్వ ఎవలు పెడతరు? గా గని కార్డు పేరు మీదనే గదా వాని నౌకరి." గొంతు పెంచలేదు. "ఆయన నీకు నమ్మి జెప్పిండు. నువ్వు పేరు సదివితే ఇంట్ల మేం నవ్వుకునేటోళ్ళం. నిన్నటిది ఇని నేను పొయ్యి ఆర్పేసిన."

ఆ అరచేయి ఎందుకు అడ్డం పెట్టిందో అప్పుడు అర్థమైంది. కంపెనీ వాళ్ళు మా చానల్ చూడరు, చూసినా పట్టించుకోరు అని ఏదో గొణిగాను. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కెమెరామన్ పై అర వైపు చూశాడు. "గా క్యాసెట్ ఇయ్యి అన్నా. ఇరిసిన కాడ టేపు అతికిచ్చి దాని మీద పెండ్లి వీడియో ఎక్కిస్త. ఎవలన్న అడిగితే చెరిగిపోయిందందం. నువ్వు సదివినవని ఊరంత చెప్పని, చేతుల క్యాసెట్ లేకుంటె ఏం జేస్తరు?"

ఇచ్చి ఉండవలసింది. చేయి చాపితే అందేది. "రేపు చూద్దాం తీ," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో మీకు చెప్పాలి. అది నా మంచి క్యాసెట్. అలాంటిది ఇంకోటి చేయగలనో లేదో అనిపించింది. ఒక కుటుంబం తిండి ఒకవైపు, నా గొంతు ఒకవైపు ఉంటే, నేను ఒక రాత్రి గడువు అడిగాను.

ఆదివారం రాత్రే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసి కంపెనీ ఆఫీసులో పడేశారు. రాసినవాడు మా వార్తనే సాక్ష్యంగా చూపించాడు. మర్నాడు పదకొండింటికి కంపెనీ జీపు వచ్చింది. ఓనర్‌కు స్తంభాల మీద కేబుల్ వైర్లు నడవాలంటే కంపెనీతో మంచిగా ఉండాలి. వెతికే పని కూడా లేకుండా చీటీ మీద నా దస్తూరి చూసి క్యాసెట్ తీసి ఇచ్చేశాడు.

నెల తర్వాత విచారణకు పిలిచారు. ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, మర్యాదస్థుడు. నాకు మంచినీళ్ళు ఇప్పించి, టీవీలో క్యాసెట్ వేశారు. గదిలో ఒక మూల ఆమె, ఆమె కొడుకు నిలబడి ఉన్నారు. నా గొంతు ఆ గదంతా నిండింది. తెర మీద ముసలామె కెమెరా వైపు చేయి చాపింది. పొట్టకూటి కోసం, చెమటోడ్చాడు, అన్నీ వినిపించాయి.

"ఈ గొంతు మీదేనాండి?" అన్నారు ఆఫీసరు.

ఊళ్ళో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అయినా ఆయన నన్నే అడిగారు.

"నాదే," అన్నాను.

"సారీ అండీ. నా చేతిలో ఏం లేదు. ఇంత స్పష్టంగా ఉన్నాక నేనేం రాయను చెప్పండి," అన్నారు. ఆ సారీ నాకు చెప్పారో ఆమెకు చెప్పారో తెలియదు.

వారసత్వ ఉద్యోగం ఫైలు పెండింగ్‌లో పడింది. పెండింగ్‌లోనే కొడుక్కి వయసు దాటిపోయింది. క్వార్టర్ ఖాళీ చేశారు. వితంతు పింఛను మాత్రం, ఎవరు దయ తలిచి ఆపకుండా ఉంచారో గాని, కంపెనీ కాగితాల్లోని ఆ పేరు మీదే వస్తూ ఉండేదని తర్వాత విన్నాను. కొడుకు జైపూర్ వైపు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. నేను ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వార్తలు చదివాను. నల్లాలు, ధర్నాలు, బర్రెలు. మారుపేరు మనుషులు ఎవరైనా పోతే కంపెనీ కాగితంలో ఉన్నదే చదివాను. కెమెరామన్ ఆ క్యాసెట్ గురించి మళ్ళీ ఒక్క మాట అనలేదు. పోయినేడు షుగర్ ముదిరి చనిపోయాడు. ఒక్క మాటైనా నన్ను అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు క్యాసెట్ల కోసం అటక వెతుకుతుంటే ఒక చెప్పుల డబ్బాలో పాటల కార్డుల కట్ట బయటపడింది. పైన ఉన్నవన్నీ ఆయనవే. ఏం చేయాలో తెలియక రెండు రోజులు టేబుల్ మీద పెట్టుకున్నాను. మూడో రోజు ఆటో ఎక్కి సెంటినరీ కాలనీ బయట, ఆమె అద్దెకుంటున్న గది వెతుక్కుంటూ వెళ్ళాను. ముసలిదైంది. మొహం చూసి గుర్తుపట్టలేదు. "వదినా" అన్నాక పట్టింది. గొంతు ఇంకా మారలేదు నాది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెంబుతో నీళ్ళిచ్చింది. కార్డులు చేతికిచ్చి, ఇవి అన్న రాసినవి, మీ దగ్గరుండాలె అన్నాను. ఆమె ఒక్కొక్క కార్డు తిప్పి చూసింది, అక్షరాలను వేలితో తడిమింది. ఆమెకు చదువు రాదు.

"ఆయన పేరు యాడుంది?" అంది. చూపించాను. అక్కడే వేలు పెట్టి కొంతసేపు ఉంచింది.

"గప్పుడు టీవీల సదివేటోనివి గదా," అంది. "గట్లనే ఒక్కపారి సదువు."

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆమె గోడ పట్టుకొని లేచి, వీధి తలుపు మూసి గడియ పెట్టింది. కిటికీ రెక్కలు కూడా దగ్గరికి వేసింది.

"ఎందుకు వదినా?"

"పింఛను ఇంకా గా గని కార్డు పేరు మీదనే వస్తున్నది తమ్మీ. ఎవలన్న ఇంటరు." వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఇగ సదువు. మెల్లగ సదువు."

కోరిన పాట, ఎవరి కోసం, కోరినవారి పేరు. ఒకప్పుడు ఊరంతా విన్న గొంతుతో, ఆ గది గోడలు దాటకుండా చదివాను.